రెండు తాళాలూ పనిచేస్తున్నాయి, మూడోదాన్ని మాత్రం కారు ఒప్పుకోవడం లేదు (2010 ఫోర్డ్ ఎస్కేప్)

ఇర్వింగ్_సాయి (టెక్సస్) | శనివారం సాయంత్రం

అందరికీ నమస్కారం. గత నెల సెకండ్ హ్యాండ్‌లో 2010 ఎస్కేప్ కొన్నాను. అమ్మినాయన రెండు తాళాలు ఇచ్చాడు. ఒకటి నా దగ్గర, ఒకటి మా ఆవిడ దగ్గర ఉంటాయి. ఇప్పుడు మా తమ్ముడు ఎంఎస్ చదవడానికి వచ్చి మాతోనే ఉంటున్నాడు. వాడికీ ఒకటి చేయిద్దామని డీలర్‌షిప్‌కి ఫోన్ చేస్తే తాళం, కటింగ్, ప్రోగ్రామింగ్ అన్నీ కలిపి 235 డాలర్లన్నారు. అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత.

కారుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే, రెండు తాళాలుంటే మూడోది మనమే ఎక్కించుకోవచ్చని ఉంది. సరేనని ఆన్‌లైన్‌లో బటన్లున్న ఖాళీ తాళం 22 డాలర్లకు తెప్పించాను. ఒక పెద్ద హార్డ్‌వేర్ కొట్టుకి తీసుకెళ్తే "మా దగ్గర కొన్నవే కోస్తాం" అన్నారు. చివరికి ఒక చిన్న తాళాల షాపాయన 10 డాలర్లు తీసుకుని కోసిచ్చాడు. తలుపు తెరుచుకుంటోంది, ఇగ్నిషన్‌లో సాఫీగా తిరుగుతోంది.

పుస్తకంలో చెప్పినట్టే చేశా. మొదటి తాళం పెట్టి ఆన్ దాకా తిప్పి (స్టార్ట్ చేయకుండా) ఐదు సెకన్లు ఆగా. ఆఫ్ చేసి తీశా. పది సెకన్లలోపు రెండో తాళంతో అదే పని. వెంటనే కొత్త తాళం పెట్టి ఆన్ చేసి ఆరేడు సెకన్లు ఉంచా. సెక్యూరిటీ లైట్ మూడు సెకన్లు నిలకడగా వెలిగి ఆరాలట. నాకేమో టపటపా కొట్టుకుంటోంది. ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు. ఆరుసార్లు చేశా. పార్కింగ్‌లో పక్కింటాయన నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు.

ఎక్కడ తప్పు చేస్తున్నాను?

హోండా_హనుమంతు (కాలిఫోర్నియా)

బ్రో, ఇంత టెన్షన్ దేనికి? నా అకార్డ్‌కి రెండే రెండు నిమిషాల్లో చేశా. ఇగ్నిషన్ ఆన్ చేసి లాక్ బటన్ నొక్కాలి, ఆఫ్ చేయాలి. ఇలా వెంటవెంటనే మూడుసార్లు. నాలుగోసారి తలుపులు టక్కుమంటాయి. అప్పుడు కొత్త రిమోట్ బటన్ నొక్కితే అయిపోయింది. నీకున్నదీ బటన్ల తాళమే కదా, ఇదే చేసి చూడు.

సుజాత_డెట్రాయిట్ (మిషిగన్)

హనుమంతు గారూ, మీరు ఎక్కించింది రిమోట్‌ని. తాళం లోపలి చిప్ వేరే సంగతి. ఇక్కడ సగం మంది పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఒకే ప్లాస్టిక్ పిడిలో ఇద్దరు కాపురం ఉంటారు. బటన్లు నొక్కితే పనిచేసేది రిమోట్. దానికి బ్యాటరీ కావాలి, దూరం నుంచి తలుపులు తెరుస్తుంది. రెండోది గోరంత చిప్. దానికి బ్యాటరీ ఉండదు. తాళం దూరే రంధ్రం చుట్టూ ఒక తీగ చుట్ట ఉంటుంది, ఇగ్నిషన్ తిప్పగానే దాని నుంచి వచ్చే తరంగాలతోనే చిప్ మేలుకుని తన గుర్తు చెబుతుంది. కారు "నువ్వు మావాడివే" అంటేనే ఇంజిన్ నడుస్తుంది. అందుకే రిమోట్ బ్యాటరీ చచ్చిపోయినా కారు స్టార్ట్ అవుతుంది. రిమోట్ మాత్రమే ఎక్కించిన కొత్త తాళంతో తలుపు తెరిచి హాయిగా సీట్లో కూర్చోవచ్చు, అంతకుమించి కదలలేరు. హోండాల్లో అయితే డాష్‌బోర్డ్ మీద పచ్చరంగు తాళం గుర్తు మినుకుమంటూ ఉంటుంది.

మా పాత ఫోర్డ్ టారస్‌కి రిమోట్ విడిగా ఉండేది. దానికి పద్ధతి: పది సెకన్లలో ఎనిమిదిసార్లు ఆఫ్ నుంచి ఆన్‌కి తిప్పాలి, ఎనిమిదోసారి ఆన్‌లోనే ఆపాలి. తలుపులు లాక్ అయి తెరుచుకుంటాయి. అప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి రిమోట్‌దీ ఏదో ఒక బటన్ నొక్కాలి. పాతవాటిని వదిలేస్తే వాటిని మరచిపోతుంది.

సాయి గారూ, మీ పద్ధతి సరిగానే ఉంది. మీరు రెండు తాళాలూ ఒకే రింగుకి తగిలించి చేశారా?

హోండా_హనుమంతు

అమ్మో, నిజమే. నాకు కొత్త తాళం కోయించే అవసరం రాలేదు, పాతదాని రిమోట్ పాడైతే మార్చానంతే. నా పోస్టు మర్చిపోండి 🙏

ఇర్వింగ్_సాయి

సుజాత గారూ, అవును, రెండూ ఒకే రింగులో ఉన్నాయి. దానివల్ల తేడా వస్తుందా?

సుజాత_డెట్రాయిట్

రావచ్చు. ఫోర్డ్ పుస్తకంలోనే హెచ్చరిక ఉంటుంది. రింగులో పెద్ద ఇనుప వస్తువులు, ఇంకో చిప్ తాళం, పెట్రోల్ బంకులో డబ్బు కట్టడానికి వాడే ఎలక్ట్రానిక్ బిళ్ళలాంటివి దగ్గరగా ఉంటే ఇగ్నిషన్ తికమకపడుతుంది. ఒక చిప్‌ని అడిగితే పక్కది కూడా బదులిస్తుంది కదా. మూడు తాళాలూ విడదీసి ఒళ్లో వరసగా పెట్టుకుని చేయండి.

ఆ బంకు బిళ్ళ సంగతి ఎత్తాను కాబట్టి ఒక ముచ్చట. ఎక్సాన్ మొబిల్ బంకుల్లో వాడిన స్పీడ్‌పాస్‌లోనూ, అప్పటి ఫోర్డ్ తాళాల్లోనూ ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఒకే రకం చిప్. దాని రహస్య సంఖ్య పొడవు 40 బిట్లు. 2005లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు దాన్ని ఛేదించి చూపించారు. ఆ తర్వాతి తాళాల్లో 80 బిట్లవి వచ్చాయి.

ఎడిసన్_ఎల్లయ్య (న్యూజెర్సీ)

నా 2003 డాడ్జ్ కారవాన్‌కి ఇలాగే రెండు తాళాలతో మూడోది చేశాను, మొదటిసారికే అయింది. దాంట్లో ఒక సుఖముంది, గంట కొడుతుంది. మొదటి తాళం ఆన్ చేసి మూడు సెకన్ల పైన, పదిహేనులోపు ఉంచాలి. పదిహేను సెకన్లలోపు రెండోది పెట్టాలి. పది సెకన్లు ఓపిక పడితే గంట మోగి లైట్ కొట్టుకుంటుంది. అప్పుడు నిమిషంలోపు కొత్తది. ఫోర్డ్ వాడు గంట పెట్టలేదు, అందుకే అందరూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చేస్తారు. సాయీ, పక్కన మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి సెకన్లు లెక్కపెట్టించు.

పాతకాలం_పంతులు (రాజమండ్రి)

నాయనా, ఇవన్నీ ఇలా బహిరంగంగా రాస్తే దొంగలు కూడా చదవరా? వాళ్ల పని మనమే సులువు చేస్తున్నట్టుంది.

ఎడిసన్_ఎల్లయ్య

పంతులు గారూ, పనిచేసే తాళాలు రెండు చేతిలో ఉన్న దొంగకి మూడోది ఎందుకండీ? 😄 ఒకదానితో కారు తీసుకుపోతాడు. పైగా ఇది కంపెనీవాళ్లు పుస్తకంలో అచ్చేసి ఇచ్చిందే.

సుజాత_డెట్రాయిట్

రెండు కావాలన్న నియమం పెట్టింది కూడా అందుకే. కాసేపు మన తాళం చేతికిచ్చిన వాలే పార్కింగ్ కుర్రాడు దాంతో ఇంకోటి పుట్టించకుండా. ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రమే రెండూ ఉంటాయని లెక్క.

అసలు చిప్ లేకపోతే ఏమవుతుందో అమెరికా మొత్తం చూసింది. 2011 నుంచి 2021 దాకా ఇక్కడ అమ్మిన చాలా హ్యుండయ్, కియా కార్లలో తాళం తిప్పే మోడళ్లకు ఇమ్మొబిలైజర్ (చిప్‌ని గుర్తుపడితేనే ఇంజిన్‌ని నడవనిచ్చే ఏర్పాటు) పెట్టలేదు. 2015 మోడళ్లలో మిగతా కంపెనీల కార్లకు 96 శాతం దాకా ఉంటే వీళ్లవాటికి 26 శాతమే. చివరికి పిల్లలు వీడియోలు చూసి యూఎస్‌బీ వైరు మొనతో తిప్పి ఎత్తుకుపోయారు.

బ్రాంప్టన్_బాబు (ఒంటారియో)

మా కెనడాలో 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అయినా ఎత్తుకుపోతూనే ఉన్నారనుకోండి, ఇప్పుడు పద్ధతులు వేరు.

ఇర్వింగ్_సాయి | ఆదివారం ఉదయం

తాళాలు విడదీశా. తమ్ముడు సెకన్లు లెక్కపెట్టాడు. ఎనిమిదిసార్లు చేశాం, ఏం లాభం లేదు. "అన్నయ్యా, 235 కట్టేద్దాం" అంటున్నాడు వాడు.

కొత్త తాళంలో చిప్ తప్పుదేమోనని కూడా చూశా. పాత తాళం ఇనుప భాగం మీద చిన్నగా ఎస్ఏ అని రెండు అక్షరాలున్నాయి. అది 80 బిట్ల గుర్తు అట. నేను కొన్న ప్యాకెట్ మీద కూడా 80 బిట్ అనే ఉంది. రిమోట్ వెనక ఎఫ్‌సీసీ ఐడీ (అది ఏ రకం రిమోటో చెప్పే నంబరు) కూడా కలిసింది.

డాలస్_డీజిల్ (టెక్సస్)

జీఎం కారు కొనాల్సింది. నా 2008 ఇంపాలాకి పనిచేసే పాత తాళం ఒక్కటి కూడా అక్కర్లేదు. కోసిన కొత్త తాళం పెట్టి ఆన్ చేసి పది నిమిషాలు కూర్చోవాలి. సెక్యూరిటీ లైట్ ఆరుతుంది. ఆఫ్ చేసి ఐదు సెకన్లాగి మళ్లీ పది నిమిషాలు, మళ్లీ పది నిమిషాలు. అరగంటకి కారు కొత్త తాళాన్ని నేర్చుకుని పాతవన్నీ మరచిపోతుంది. బ్యాటరీ మంచిది కాకపోతే మాత్రం మధ్యలో దిగిపోతుంది, అప్పుడు చూడాలి మజా.

ఆటోనగర్_కుర్రోడు (విజయవాడ)

సాయి అన్నా, నమస్తే. నాది ఆటోనగర్‌లో తాళాల షాపు. అమెరికా ఫోర్డ్ మీద నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. కానీ మీరు చెప్పింది చదువుతుంటే నాకు ఇంకో అనుమానం వస్తోంది. రెండు ప్రశ్నలు.

మీ దగ్గరున్న రెండు తాళాలూ ఒకేలా ఉంటాయా? రెండింటికీ బటన్లున్నాయా? రెండింటి మీదా కంపెనీ గుర్తు ఉందా?

ఇర్వింగ్_సాయి

లేదు. నాదానికి నాలుగు బటన్లు, ఫోర్డ్ గుర్తు ఉన్నాయి. మా ఆవిడది మామూలు నల్ల పిడి, బటన్లు లేవు. "స్పేర్" అని ఇచ్చాడు అమ్మినాయన. ఇప్పుడు చూస్తే దానిమీద గుర్తు లేదు, ఎస్ఏ అని కూడా లేదు. కానీ దాంతో కారు బాగా స్టార్ట్ అవుతుంది. నెల రోజులుగా మా ఆవిడ దానితోనే ఆఫీసుకి వెళ్తోంది.

ఆటోనగర్_కుర్రోడు

అయితే అది నకలు అన్నా. క్లోన్ అంటారు. మేం రోజూ చేసే పనే.

తాళం చేసే దారులు రెండున్నాయి. ఒకటి, కొత్త చిప్‌ని కారుకి పరిచయం చేయడం. కారు తన పుస్తకంలో "ఇంకో కొత్త మనిషి వచ్చాడు" అని రాసుకుంటుంది. దీనికి కారు దగ్గరుండాలి. రెండోది, కారు జోలికే పోకుండా పాత తాళాన్ని మెషిన్‌లో పెట్టి, దాని చిప్‌లో ఉన్న గుర్తునంతా ఖాళీ చిప్‌లోకి దించేయడం. కారుకి ఆ సంగతే తెలియదు. ఏ తాళం పెట్టినా పాత మనిషే వచ్చాడనుకుంటుంది.

ఇప్పుడు మీరు చేస్తున్నది చూడండి. కారు ఇద్దరు సాక్షుల్ని అడుగుతోంది. మీరేమో ఒకే మనిషిని తీసుకెళ్లి చొక్కా మార్చి రెండోసారి నిలబెడుతున్నారు. అది ఎలా ఒప్పుకుంటుంది?

కారు అమ్మినాయన ఫోన్ నంబర్ ఉంటే అడగండి. ఆ స్పేర్ చేయించినప్పుడు కారు షాపు దగ్గరకి తీసుకెళ్లాడా, తాళం ఒక్కటే ఇచ్చాడా?

ఓబీడీ_ఓబులేశు (వర్జీనియా)

కుర్రోడి మాట నిజం కావచ్చు, కానీ అనుమానం మీద డబ్బు ఖర్చు పెట్టకు సాయీ. తేల్చుకోవడానికి దారి ఉంది. ఫోర్డ్ కార్ల కోసం ఫోర్‌స్కాన్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో వేసుకో. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి (కారు కంప్యూటర్‌తో మాట్లాడే చోటు) తగిలించే అడాప్టర్ కొను. బ్లూటూత్‌వి వద్దు, యూఎస్‌బీ వైరున్నది తీసుకో. కారులో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో ఒక అంకె చూపిస్తుంది. రెండు అని వస్తే నీ పద్ధతిలో తప్పు. ఒకటి అని వస్తే కుర్రోడు గెలిచినట్టు.

ఆ అడాప్టర్ తర్వాత కూడా పనికొస్తుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగినప్పుడల్లా వర్క్‌షాపుల చుట్టూ తిరగక్కర్లేదు.

కొండాపూర్_కిరణ్ (హైదరాబాద్)

మధ్యలో దూరుతున్నందుకు సారీ. యాదగిరిగుట్ట వెళ్లొచ్చేసరికి మా స్విఫ్ట్ తాళం ఒకటి పోయింది. ఇంకోటి ఉంది. మన దగ్గర ఇలా మనమే చేసుకోవడం కుదురుతుందా? అమెరికా నుంచి మా బావ వస్తున్నాడు, అక్కడి నుంచి ఖాళీ తాళం తెప్పించనా?

ఆటోనగర్_కుర్రోడు

కిరణ్ గారూ, తెప్పించకండి. అక్కడి రిమోట్లు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, మనవి 433. బటన్లు నొక్కితే మీ కారుకి వినబడనే వినబడదు.

మారుతిలో ఉండే ఇమ్మొబిలైజర్ పేరు ఐక్యాట్స్. తాళాలు అటూ ఇటూ తిప్పి ఎక్కించే పద్ధతి దాంట్లో లేదు, మెషిన్ పెట్టాల్సిందే. షోరూమ్‌లో అయినా, మా బోటి షాపులో అయినా అంతే. కారు కొన్నప్పుడు తాళాలతో పాటు చిన్న రేకు బిళ్ళ ఇచ్చి ఉంటారు, దానిమీద తాళం నంబరుంటుంది. అది ఉంటే కటింగ్ సులువు. ఆ బిళ్ళని చాలామంది రింగుకే తగిలించి తిరుగుతారు, తాళంతో పాటు అదీ పోతుంది! ఆర్‌సీ, ఆధార్ పట్టుకెళ్లండి. పోలీస్ స్టేషన్‌లో పోయినట్టు రాసిచ్చిన కాగితం కూడా షోరూమ్‌వాళ్లు అడుగుతారు. ఇన్సూరెన్స్‌లో కీ రీప్లేస్‌మెంట్ అని అదనంగా తీసుకున్నారేమో చూసుకోండి, ఉంటే ఖర్చు వస్తుంది.

రెండోది ఉండగానే చేయించండి. అది కూడా పోతే ఖర్చు సంగతి అలా ఉంచి, కారుని ట్రక్కు మీద ఎక్కించాల్సి రావచ్చు.

ఇర్వింగ్_సాయి | సోమవారం రాత్రి

కుర్రోడా, నీకు దండం.

అమ్మినాయనకి ఫోన్ చేశా. పెద్దాయన, మంచివాడు. రెండేళ్ల క్రితం చేపలు పట్టడానికి వెళ్లి ఒక తాళం చెరువులో పడేసుకున్నాడట. ఒక్కటే మిగిలింది. ఒక్కదానితో కారులో ఎక్కించడం కుదరదు కాబట్టి కౌంటర్ దగ్గర మెషిన్ ఉన్న షాపులో ఇచ్చాడు. "పది నిమిషాల్లో ఇచ్చేశారు. కారా? కారు బయట పార్కింగ్‌లోనే ఉంది" అన్నాడు.

ఓబులేశు గారి మాట కూడా విని మధ్యాహ్నం సహోద్యోగి దగ్గర అడాప్టర్ అడిగి తెచ్చా. ఫోర్‌స్కాన్‌లో అంకె: 1.

చెరువులో పడిన తాళం కూడా నమోదై ఉండాలి కదా, రెండు రావాలి కదా అని ఓబులేశు గారు అడగకముందే చెబుతున్నా. అది పోయినప్పుడు ఎవరికైనా దొరుకుతుందేమోనని భయపడి డీలర్ దగ్గర అన్నీ చెరిపించాడట. మరి చెరిపాక రెండు తాళాలు ఎక్కించాలి కదా అంటే, "రెండోది కూడా కొన్నాను, అది మా అబ్బాయి దగ్గర ఉండేది. వాడితో గొడవై మళ్లీ చెరిపించాను" అంటూ ఏదో కథ మొదలుపెట్టాడు. అది నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఓబీడీ_ఓబులేశు

అక్కడే ఏదో మెలిక ఉంది. మామూలుగా చెరిపాక రెండు వేర్వేరు తాళాలు ఎక్కించేదాకా కారు స్టార్ట్ కాదు. అందుకే 1 అన్న అంకె నాకు మింగుడుపడటం లేదు. అది నమోదైన తాళాల సంఖ్యేనా, వేరే ఏదైనా లైను చూశావా? స్క్రీన్ ఫొటో పెట్టు.

ఇర్వింగ్_సాయి

మీరన్నది నిజం. నేను చూసిన లైను వేరేదేదో. దాని కింది లైనులో ఉంది అసలు అంకె: 2. అంటే నమోదైనవి రెండు!

మరి కుర్రోడి లెక్క తప్పా?

ఆటోనగర్_కుర్రోడు

తప్పు కాదన్నా, ఇప్పుడే సరిగ్గా కుదిరింది. ఆ రెండులో ఒకటి మీ బటన్ల తాళం. రెండోది చెరువులోనో, ఆ అబ్బాయి దగ్గరో ఉంది! నల్లపిడిది లెక్కలోనే లేదు, అది మొదటిదాని నీడ. కావాలంటే నల్లదాన్ని పెట్టి, తీసి, బటన్లది పెట్టి చూడండి. కారుకి రెండూ ఒకటే.

ఓబీడీ_ఓబులేశు

ఒప్పుకున్నా. నేను "ఒకటి వస్తే కుర్రోడు గెలిచినట్టు" అని రాయడమే తొందరపాటు. అంకె రెండు వచ్చినంత మాత్రాన ఆ రెండూ నీ చేతిలోనివి కానక్కర్లేదు.

సరే, ఇక పని. ఫోర్‌స్కాన్‌లోనే పాత తాళాలన్నీ చెరిపి కొత్తగా ఎక్కించే అవకాశం ఉంది. ఎక్స్‌టెండెడ్ లైసెన్స్ కావాలి, కొంతకాలానికి ఉచితంగా ఇస్తారు. చెరిపించేముందు పది నిమిషాలు కాచుకోమంటుంది. దొంగ తొందరగా చేసేయకుండా పెట్టిన అడ్డం అది. ఆ తర్వాత కనీసం రెండు వేర్వేరు తాళాలు పెట్టాలి. నీ దగ్గర బటన్ల ఒరిజినల్, కొత్తది ఉన్నాయి. రెండూ ఎక్కించు. నల్లది ఒరిజినల్ నీడ కాబట్టి అదీ తనంతట అదే పనిచేస్తుంది. మూడు తాళాలు, పైసా ఖర్చు లేదు.

ఒక్క జాగ్రత్త. ల్యాప్‌టాప్ నిండా చార్జ్ ఉండాలి, కారు బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచు. చెరిపాక మధ్యలో కరెంటు పోతే కారు ఏ తాళాన్నీ గుర్తుపట్టదు.

ఆటోనగర్_కుర్రోడు

ఓబులేశు గారూ, మీరు పెద్దవారు, మాట మీరుతున్నానని అనుకోవద్దు. ఒరిజినల్‌ని మళ్లీ ఎక్కించవద్దని నా మాట.

చెరిపితే చెరువులోదీ, అబ్బాయి దగ్గరిదీ చచ్చిపోతాయి, నిజమే. కానీ ఒరిజినల్‌కి నకలు ఒక్కటే చేయించాడని ఏం నమ్మకం? ఇంకో నాలుగు నకళ్లున్నా కారులో కనిపించవు, ఏ మెషిన్ చెప్పలేదు. ఒరిజినల్ బతికున్నంత కాలం దాని నీడలన్నీ బతికే ఉంటాయి. మా షాపుకి పాత కారు కొనుక్కుని వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఇదే. నకలు ఉందని తెలిశాక ఆ గుర్తునే కారులోంచి తీసేయాలి. ఇంకో ఖాళీ తాళం కొని, రెండూ కొత్తవే ఎక్కించండి.

సుజాత_డెట్రాయిట్

కుర్రోడు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో 20 డాలర్లతో పోయేదానికి ఆలోచించకండి. సాయి గారూ, ఆయన్ని మొహమాటపడకుండా అడిగేయండి, ఎన్ని నకళ్లు చేయించాడో.

పాతకాలం_పంతులు

నేను దొంగల గురించి అంటే నవ్వారు గదా 🙂

ఇర్వింగ్_సాయి | మంగళవారం

అడిగా. "మూడు చేయించాను. ఒకటి మీకిచ్చాను, ఒకటి గ్యారేజీలో ఎక్కడో ఉండాలి" అన్నాడు. మూడోది గుర్తు రావడం లేదట. ఇంకో ఖాళీ తాళం ఆర్డర్ పెట్టేశా.

కాన్సాస్_కామ్రీ

టయోటా వాళ్లకి కూడా ఎవరైనా చెప్పండి. నాది 2012 కామ్రీ, పెడల్ ఇన్నిసార్లు నొక్కు, తలుపు అన్నిసార్లు వేయి అని ఒక వీడియో చూసి గంటసేపు కారులో డాన్స్ చేశా.

సుజాత_డెట్రాయిట్

ఆ డాన్స్ పాత కామ్రీలది. మీ తాళం ఇనుప భాగం మీద జి అక్షరం ఉంటుంది, ఇంకా కొత్తవాటికి హెచ్. వాటికి టయోటావాళ్ల సాఫ్ట్‌వేర్ టెక్‌స్ట్రీమ్ గానీ తాళాలవాళ్ల మెషిన్ గానీ కావాలి. డీలర్ రేటు ఎక్కువనిపిస్తే ఇంటికొచ్చి చేసే లాక్‌స్మిత్‌ని పిలవండి. తాళం కోడ్‌లు కంపెనీ నుంచి తీసుకునే అనుమతి ఉందా, అలాంటి లాక్‌స్మిత్‌లని నమోదు చేసుకునే సంస్థ నాస్టఫ్ (NASTF)లో రిజిస్టర్ అయ్యారా అని అడగండి. పద్ధతిగా పనిచేసేవారైతే ముందు మీ లైసెన్సు, కారు కాగితాలు అడుగుతారు. ఏమీ అడగకుండా చేసేవాణ్ణి చూసి సంతోషించకండి.

ఇర్వింగ్_సాయి | మరుసటి శనివారం

అయిపోయింది!

బ్యాటరీ చార్జర్ పెట్టా, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నా. ఫోర్‌స్కాన్ పది నిమిషాల లెక్క మొదలుపెట్టింది. జీవితంలో అంత పొడుగు పది నిమిషాలు చూడలేదు. చెరిపేసింది. మొదటి కొత్త తాళం పెట్టా, లైట్ మూడు సెకన్లు నిలకడగా వెలిగి ఆరింది. రెండోదీ అంతే. స్టార్ట్ చేస్తే ఠపీమని అందుకుంది.

బటన్లు మాత్రం పలకలేదు. సుజాత గారి ఎనిమిదిసార్ల పద్ధతి చేశా. మొదటిసారి ఏడే తిప్పినట్టున్నా, రెండోసారికి తలుపులు టక్కుమన్నాయి. రెండు తాళాల బటన్లూ నొక్కా, పనిచేస్తున్నాయి.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఒరిజినల్ పెట్టా, లైట్ టపటపా కొట్టుకుంది, ఇంజిన్ కదల్లేదు. నల్లది పెట్టా, అదే వరస. తలుపు మాత్రం రెండూ తెరుస్తున్నాయి, కోత అదే కదా.

ఖర్చు: తాళాలు రెండూ కలిపి 44, కటింగ్ 20. ఇప్పుడు నా చేతిలో నిజంగా రెండు వేర్వేరు తాళాలున్నాయి కాబట్టి తమ్ముడికి మూడోది పుస్తకంలో చెప్పినట్టే చేస్తా. ఖాళీ తాళం దారిలో ఉంది.

ఎడిసన్_ఎల్లయ్య

ఈసారి పక్కింటాయన్ని కూడా పిలిచి చూపించు.

ఆటోనగర్_కుర్రోడు

సంతోషం అన్నా. పాత ఒరిజినల్ పారేయకండి. తాళాలు లోపల పెట్టి తలుపు వేసేసుకున్న రోజున తెరవడానికి పనికొస్తుంది. పర్సులో పెట్టుకోండి, పోయినా భయం లేదు, దాంతో కారు కదలదు.

ఇర్వింగ్_సాయి | బుధవారం

తమ్ముడి తాళం మొదటిసారికే ఎక్కింది. మూడు సెకన్ల లైట్ వాడే లెక్కపెట్టాడు.